హనియా నుంచి తెచ్చిన గంగ

ముప్పై ఏళ్ల పైచిలుకు విత్తనాల కంపెనీ ఉద్యోగంలో నేను విదేశం పోయింది ఒక్కసారే. దానికి సాక్ష్యంగా ఇంట్లో ఒక్క ఫొటో ఉంది. అందులో సముద్రం ఉంది, సముద్రంలోకి పొడుగ్గా పోయిన రాతి కట్ట ఉంది, కట్ట చివర ఓడలకు దారి చూపే దీపస్తంభం ఉంది. ఇటు పన్నెండు మంది మగవాళ్ల వీపులున్నాయి. ముఖం మాత్రం ఒక్కటీ లేదు. మొన్న మా మనవరాలు అది చూసి, "తాతా, మీరందరు అలిగిండ్రా?" అని అడిగింది. అలగలేదు బిడ్డా, దాక్కున్నం అన్నాను.

ఇప్పుడు ఈ లైన్లో చేరుతున్న పిల్లలు విమానం కదలకముందే రెక్క ఫొటో తీసి ఊరందరికీ పంపుతున్నారు. తప్పని నేననను. మేము గ్రీసు దేశం పోయి, పోలేదని నమ్మించడానికి పడిన తిప్పలు మీకు తెలియాలని రాస్తున్నాను. దాంతోపాటు నేను చేసిన ఒక వెధవ పని కూడా రాస్తాను. ముందు అది రాస్తే మీరు తర్వాతది చదవరు.

నాకు జగిత్యాలలో గది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల ఊళ్లన్నీ నా ఏరియా. స్కూటర్ మీద తిరిగి డీలర్లకు మక్క, అంటే మొక్కజొన్న, విత్తనాలు అంటగట్టడం, రైతుల పొలాల్లో నిలబడి తల ఊపడం నా పని. నక్సలైట్లు జోరుగా ఉన్న కాలం. ఏ ఊరికి పోయినా ఎందుకు వచ్చినవ్, ఎవరింటికి వచ్చినవ్, ఎప్పుడు పోతవ్ అని అన్నలకు ఒకసారి, పోలీసులకు ఒకసారి చెప్పుకోవాలి. ఇద్దరి ప్రశ్నలూ ఒకటే. జవాబు మాత్రం ఇద్దరికీ ఒకటే చెబితే ఇబ్బంది.

ఆ ఏడు వానాకాలం మా ఏరియాలో మక్క విత్తనం ఎన్నడూ లేనంతగా అమ్ముడుపోయింది. హైదరాబాదులో మా మేనేజరు సంతోషపడి పదకొండు మంది డీలర్లను, తోడుగా నన్ను, విదేశం పంపుతానన్నాడు. మొదట బ్యాంకాక్ అన్నాడు. ఆ పేరు వినగానే పదకొండు ఇళ్లలో పొయ్యి వెలగలేదు. అప్పుడు ఆయన బాగా ఆలోచించి చరిత్ర ఉన్న ఊరొకటి వెతికాడు. గ్రీసు దేశంలో క్రీటు అనే దీవి, దాని మీద హనియా అనే పాత రేవు పట్నం. చరిత్ర అంటే ఆడవాళ్లు అభ్యంతరం చెప్పరని ఆయన నమ్మకం. నిజంగానే చెప్పలేదు.

అభ్యంతరం డీలర్లే చెప్పారు. బస్టాండు ఎదురు హోటల్లో అందరం కూర్చున్నాం. జగిత్యాల డీలరుది పాత దొరల కుటుంబం. ఊళ్లో ఉండలేక పట్నం వచ్చి దుకాణం పెట్టుకున్నాడు. ఆయన గొంతు తగ్గించి అన్నాడు:

"సారూ, ఫారిన్ పోయిండ్రని తెలిస్తే వారంల అన్నల పిలుపు అస్తది. పిలిస్తే పోవాలె. మా ఊరికే నేను పోక తొమ్మిదేండ్లాయె. గిప్పుడు గీ ముచ్చట కోసం పోవాల్నా?"

"వాళ్ల సంగతి తర్వాత. ముందు సీఐ పిలుస్తడు, ఎవ్వల పైసలతోని పోయినవ్ అంటడు," అన్నాడు కోరుట్ల సేటు.

సిరిసిల్ల డీలరు చాయ్ తాగి కప్పు కింద పెట్టి ఉపాయం చెప్పాడు. "కాశీ పోతున్నమని చెప్పుదం. కాశీ పోయేటోన్ని ఎవ్వలు ఆపుతరు? పోలీసోళ్లు దండం పెడతరు. అన్నలు నవ్వి ఊకుంటరు."

అందరూ ఆయన భుజం తట్టారు. నేను కూడా తట్టాను. ఇంత తెలివైన మనిషి మగ్గాల ఊళ్లో విత్తనాలు అమ్ముకుంటున్నాడేమిటా అనిపించింది.

కాశీకి పోతున్నామని చెప్పడం తేలికే. అలా చెప్పినవాళ్లకు ఊరు చేసే మర్యాద మాత్రం మా లెక్కలో లేదు. వారం రోజులు ఇళ్లకు జనం వచ్చి కాళ్లు మొక్కారు. గంగలో వెయ్యమని రూపాయి బిళ్లలిచ్చారు. నల్ల దారాలు తెమ్మన్నారు. కోరుట్ల సేటుకు వాడకట్టు వాళ్లు డప్పులు పెట్టించారు. నా మెడలో కూడా ఎవరో బంతిపూల దండ వేశారు. దాన్ని వేసుకునే బస్సెక్కాను, తీసేస్తే అనుమానం వస్తుందని.

మాలో అందరికంటే చిన్నవాడు బీర్పూర్ వైపు డీలరు. ముప్పై అయిదేళ్లుంటాయి. వాళ్ల నాయన జన్మంతా ఇతరుల పొలాల్లో కూలి చేశాడు. ఇతను ఇంటర్ దాకా చదివి ఊళ్లోనే చిన్న దుకాణం పెట్టాడు. సంచి అమ్మి ఊరుకోడు, విత్తేనాడు రైతు వెంట చాళ్లలో నడుస్తాడు. అందుకని ఆ ఊరంతా అతని మాట మీదే విత్తనం కొన్నది. మిగతావాళ్లు అబద్ధాన్ని ఆడుతూ పాడుతూ మోస్తుంటే ఇతను ఒక మూతచెంబును మోస్తూ బస్సెక్కాడు.

"ఏందది?" అన్నాను.

"మా ఊరి అవ్వది సార్. ఎండాకాలం ఆమె మొగడు సచ్చిపోయిండు. గంగ నీళ్లు తెమ్మని ఇచ్చింది. రెండెకరాలు మక్క ఏసింది, మన విత్తనమే. వద్దని ఎట్ల జెప్పాలె?"

"నీళ్లు నీళ్లే గదా, ఎక్కడన్న నింపుదాంలే," అన్నాను. ఉద్యోగంలో నాకు బాగా అబ్బిన విద్య అది.

హనియా మంచి ఊరు. నేను చూసిన ఊళ్లలో పుట్టుకతోనే అందంగా ఉన్నది అదొక్కటే. నీళ్ల చుట్టూ వంపు తిరిగిన రేవు, రేవు ఒడ్డునే గుమ్మటం ఉన్న పాత మసీదు, దాని వెనక రంగు వెలిసిన మేడలు, ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకు ఆనుకోవాల్సిన సందులు. గైడు ఒక చిన్న పిల్ల, ఇంగ్లీషులో చెప్పేది. నేను తెలుగులో చెప్పేవాణ్ణి. ఆమె అయిదు నిమిషాలు చెబితే నేను రెండు ముక్కల్లో తేల్చేవాణ్ణి. ముందు వెనిసు వాళ్లొచ్చి కోట కట్టిండ్రు, తర్వాత తురకవాళ్లొచ్చి మసీదు కట్టిండ్రు, ఆ తర్వాత జర్మనీ వాళ్లొచ్చి బాంబులేసిండ్రు అని చెప్పాను.

"మరి ఈ ఊరోళ్లేం జేసిండ్రు?" అన్నాడు కోరుట్ల సేటు.

"కొండలెక్కి కొట్లాడిండ్రట."

అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని ఇక ప్రశ్నలు మానేశారు.

కోట గోడ దగ్గర జగిత్యాల దొర చేతులు వెనక్కి పెట్టుకుని చాలాసేపు చూశాడు. "మన జగిత్యాల ఖిల్లా ముంగట గిదెంత? మనదాంట్ల బర్లు మేస్తయి గని, లేకుంటె మనమే వీళ్లకు టికెట్ అమ్ముదుము," అన్నాడు. గైడు పిల్ల ఆయనేమన్నాడని అడిగింది. చాలా గొప్ప కట్టడమంటున్నాడని చెప్పాను.

రెండోరోజు రేవు ఒడ్డున యూనిఫాం వేసుకున్న మనిషి ఒకాయన మాకు ఎదురుగా వచ్చాడు. ఆయన చేతిలో ఐస్‌క్రీమ్ ఉంది. అయినా సరే, ఎవరూ ఏమీ అనకుండానే మావాళ్లు పదకొండు మందీ గోడ పక్కన వరుసగా నిలబడి పాస్‌పోర్టులు తీసి పట్టుకున్నారు. సిరిసిల్ల డీలరు చొక్కా ఎత్తి నడుము కూడా చూపించాడు. నేను నవ్వుదామనుకుని చూసుకుంటే నా చేతిలోనూ పాస్‌పోర్టు ఉంది. పాపం ఆయనకు ఏం చెయ్యాలో తోచక ఒక్కొక్కరికీ సెల్యూట్ కొట్టుకుంటూ పోయాడు.

ఫొటో తీసుకుందామని గైడు పిల్ల అన్నది ఆ సాయంత్రమే. వద్దంటే బాగుండదు. ముఖాలు పడితే ప్రమాదం. అందరం సముద్రం వైపు తిరిగి నిలబడ్డాం. ఆమె మూడుసార్లు వెనక్కి తిరగమని బతిమాలింది. మా దేశంలో ఇదే పద్ధతి అని చెప్పాను.

ఫొటో అయ్యాక బీర్పూర్ డీలరు నా పక్కకొచ్చి కట్ట మీద కూర్చున్నాడు. చెంబు ఒళ్లో పెట్టుకున్నాడు.

"సార్, ఒక్క మాట అడుగుత. పోయినేడు మల్యాల పొలంల మీరు గిదే విత్తనం ఏసి చూసిండ్రు గదా. కంకులకు గింజ సరిగ పట్టలేదని ఎవలో అన్నరు. నిజమేనా?"

నిజమే. ఇప్పుడు ఆ వెధవ పని చెప్తాను. మల్యాల దగ్గర ఒక రైతు పొలంలో ఆ రకాన్ని ముందు ఏడు పరీక్షకు వేశాం. కంకులు నిగనిగలాడుతూ చెయ్యంత వచ్చాయి. ఆకు ఒలిచి చూస్తే సగం కంకులకు గింజల్లేవు. నేను మేనేజరుకు ఫోన్ చేశాను. ఆయన, "వాతావరణం వల్లయి ఉంటుంది, సంతృప్తికరం అని రాయి," అన్నాడు. నేను రాశాను. ఒక్క పదం, నా సొంత చేతిరాత. ఆ పదం మీదే విత్తనం మార్కెట్లోకి వచ్చింది, ఆ పదం మీదే మేమందరం హనియా వచ్చాం.

"వాతావరణం," అన్నాను అతనితో.

అతను తల ఊపాడు. నమ్మాడు. నా మాట నమ్మడం అతని అలవాటు. నాకు ఎదురుగా అంత సముద్రం ఉండి కూడా చూపు నిలపడానికి చోటు దొరకలేదు.

మర్నాడు తిరుగు ప్రయాణం. చెంబు ఖాళీగానే ఉంది. పొద్దున నేను రేవులో ముంచి నింపాను. అతను వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, "ఉప్పగున్నయి సార్, గంగ ఉప్పగుంటదా?" అని పారబోశాడు. హోటల్ నల్లా నీళ్లు పడదామన్నాను. దానికీ ఒప్పుకోలేదు. "ఆమెకు ఎట్లనో అబద్ధమే చెప్తున్నం. నీళ్లన్న మంచియి ఉండాలె," అని మొండికేశాడు.

ఒక సందులో దారాలూ అల్లికలూ అమ్మే చిన్న దుకాణం ఉంది. మిగతా డీలర్లు అక్కడ కాశీ దారాల కోసం నల్ల నూలు ఉండలు కొంటున్నారు. దుకాణం ఆమె ముసలామె. తలనుంచి కాళ్లదాకా నల్లబట్టలు. మొగుడు పోయినవాళ్లు ఇక్కడ అట్లా కడతారని గైడు పిల్ల అంతకుముందే చెప్పింది. ఆమె ఈ ఖాళీ చెంబు చూసి ఏమిటని సైగ చేసింది. బీర్పూర్ డీలరుకు ఇంగ్లీషు రాదు, ఆమెకూ రాదు. అతను ముసలిదానిలా నడుం వంచి చూపించాడు. మొగుడన్నట్టు మీసం తిప్పాడు. కళ్లు మూసుకుని తల వాల్చాడు. ఆకాశం వైపు చెయ్యి చూపించాడు. చెంబు చూపించి, నీళ్లు పోస్తున్నట్టు చేశాడు. మావాళ్లు నవ్వారు.

ఆమె నవ్వలేదు. దుకాణం అట్లాగే వదిలేసి చెంబు తీసుకుని ఎదురుగా ఉన్న గుడికి పోయింది. మేం గడప దగ్గర నిలబడి చూశాం. లోపల పవిత్రజలం పట్టుకునే చిన్న నల్లా ఉంది. చెంబు కడిగి, నింపి, వేళ్లతో ఛాతీ మీద శిలువ గుర్తు వేసుకుంది. దుకాణంలోకొచ్చి మూత మీద నల్లగుడ్డ కప్పి, దారంతో చుట్టి, పైన ఒక ముడి వేసింది. పువ్వులాగా ఉంది ముడి. డబ్బులు ఇవ్వబోతే నా చెయ్యి నెట్టేసింది. అతని తల మీద మాత్రం ఒకసారి చెయ్యి పెట్టింది.

విమానంలో అతను చెంబును పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మిగతావాళ్లు ఇళ్లకు చేరి నల్ల నూలు తుంపులు పంచారు. జగిత్యాలలో సగం మంది చేతులకు హనియా దారాలు కట్టుకుని తిరిగారు. ఎవరికీ ఏ పిలుపూ రాలేదు. అబద్ధం పారింది.

మక్క పారలేదు. పది రోజులకు కంకులు ఒలిచి చూస్తే బీర్పూర్ వైపు ఊళ్లో చాలా పొలాల్లో మల్యాల కథే. వారం లోపల ఆ డీలరు దుకాణం గోడకు కాగితం అంటించి ఉంది: విత్తన కంపెనీ మనిషి ఊరికి వచ్చి సమాధానం చెప్పాలి. ఎవరు అంటించారో రాయలేదు, రాయనక్కర్లేదు. సీఐ గారు పోవద్దన్నాడు. మేనేజరు కూడా పోవద్దన్నాడు, పోతే మాత్రం వాతావరణం అని చెప్పి రమ్మన్నాడు. నేను పోకపోతే నా బదులు ఆ డీలరును నిలబెడతారు. అందుకని పోయాను. ధైర్యం అనుకోకండి, దారిలో రెండుసార్లు స్కూటర్ ఆపి తిరిగి పోదామని చూశాను.

బడి వరండాలో జనం కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందు ఒలిచిన కంకుల కుప్ప. వెనక వరుసలో తువ్వాళ్లు కప్పుకున్న ఇద్దరు పిల్లగాళ్లు, ఆ ఊరివాళ్లు కాదని చూస్తేనే తెలుస్తుంది. ఒక పెద్దమనిషి అన్నాడు: "సారూ, విత్తనం తప్పా, వాన తప్పా? విత్తనం తప్పని నువ్వు రాసిస్తే ఆఫీసులల్ల మాకు దారి దొరుకుతది. లేకుంటె గీ ఏడు మా పోరగాండ్లకు తిండి లేదు."

డీలరు నన్ను చూస్తున్నాడు. నేను గొంతు సవరించుకున్నాను. వాతావరణం అనే మాట నాలుక మీదికి వచ్చేసింది.

అప్పుడు ఒక ముసలామె లేచి వచ్చింది. చేతిలో చెంబు. మాసికం నాడు విప్పుదామని ముడి అట్లాగే ఉంచింది.

"కొడుకా, కాశీల నీళ్లు. నువ్వు గూడ పోయొచ్చినవట గదా. గంగను ముట్టి చెప్పు, విత్తనం మంచిదేనని. నువ్వు చెప్తె నేను నమ్ముత," అంది.

నా జన్మలో ఇంత సులువైన ప్రమాణం ఎదురుకాలేదు. అది గంగ కాదని ఆ వరండాలో నాకు, డీలరుకు తప్ప ఎవరికీ తెలియదు. పాపం కూడా తగలని అబద్ధం. చెయ్యి చాపాను. వేళ్లకు ఆ నల్లగుడ్డ తగిలింది. దుకాణం వదిలేసి గుడికి పోయిన ఆమె నడక గుర్తొచ్చింది. నా చెయ్యి నెట్టేసిన ఆమె చెయ్యి గుర్తొచ్చింది. సిగ్గేసింది, మరో మాట లేదు. కట్ట మీద కూర్చున్ననాడు రావలసిన సిగ్గు ఇన్నాళ్లకు వచ్చింది.

"విత్తనమే తప్పు," అన్నాను. "నాకు పోయినేడే ఎరుక. మల్యాలల చూసి గూడ మంచిదని రాసిన. కాగితం తెండి, రాసిస్త."

డీలరు నా ముఖం చూడలేదు, తల దించుకున్నాడు. ఆ మాట వాళ్లకంటే అతనికే ఎక్కువ తగిలింది. నేను రాసి సంతకం పెట్టాను. వెనక వరుసలోని అన్నలకు భయపడి రాశానని తర్వాత కంపెనీవాళ్లు ఫైల్లో పెట్టుకున్నారు. నేనూ కాదనలేదు, ఉద్యోగం పూర్తిగా పోకుండా ఉండటానికి అది కొంచెం అక్కరకొచ్చింది.

జనం లేస్తుంటే ఆ అవ్వ దగ్గరికి పోయాను. "అవ్వా, ఇంకో అబద్ధం గూడ ఉన్నది. గిది గంగ కాదు."

"నాకెర్కే," అంది.

"ఎట్ల?"

"కాశీ పోయినోడు గుండు లేకుంట అస్తడా? వీడు బస్సు దిగిననాడే సూసిన. మర్సిపోయిండేమో అనుకున్న. ఇయ్యాల నీ నెత్తి సూసిన. నిండు క్రాపు."

పన్నెండు మంది మగవాళ్లం హోటల్లో కూర్చుని ఆలోచించిన పథకం అది. అంత మందిలో ఒక్కడికీ నెత్తి గుర్తు రాలేదు.

"మరి ఎర్క ఉండి గూడ దాని మీద ప్రమాణం ఎందుకు జెయ్యమన్నవ్?"

"గంగ అయితె ఎవ్వడన్న భయపడి నిజం జెప్తడు. గంగ కాదని తెలిసి నువ్వేం జెప్తవో సూద్దామని," అంది. తర్వాత ముడి మీద వేలు పెట్టి, "గీ ముడి మొగోడు ఏసింది కాదు. ఎవలామె?" అని అడిగింది.

డీలరు చెప్పాడు. సముద్రం అవతల హనియా అనే ఊరని, నీ అంత మనిషేనని, ఆమె మొగుడు కూడా పోయాడని, వాళ్ల గుడిలో నీళ్లు పట్టిందని చెప్పాడు.

"పేరేంది?"

ఇద్దరిలో ఒక్కరమూ అడగలేదు.

"నీళ్లు పట్టిచ్చుకున్నరు గని పేరడగలె," అని ఆమె తిట్టిన తిట్లు విత్తనానికి కూడా తిట్టలేదు.

నా కాగితం పట్టుకుని వాళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగి ఎంతో కొంత సాధించారు. చాలినంత కాదు. నన్ను కంపెనీ మక్కలు పండని జిల్లాకు బదిలీ చేసింది. పోయే ముందు బీర్పూర్ డీలరు జగిత్యాల బస్టాండుకు వచ్చాడు. నాతో మాట్లాడటం మానేసి నెలయింది. సూట్‌కేసు బస్సు మీద పెట్టించి, కిటికీ దగ్గర నిలబడి అన్నాడు:

"మాసికం అయింది సార్. ముడి విప్పడానికి అవ్వకు శానా సేపు పట్టింది, దారం తెంపలే. నీళ్లు రెండు పాళ్లు జేసింది. సగం తన మొగనికి పోసింది. సగం ఆ ముడి ఏసినామె మొగనికట."